రెండో గడి

మే 3

అక్కకి,

నేను కులాసా. మీ మరదలు కులాసా. నీ చెవి ఎలా ఉందో రాయి.

వచ్చే నెల ముప్ఫయ్యో తారీఖుతో నా డ్యూటీ అయిపోతుంది. మిల్లులో బాయిలర్ దగ్గర ముప్ఫై ఎనిమిదేళ్లు.

నిన్న పింఛను కిటికీ దగ్గరికి పిలిచారు. అక్కడ ఉండే గుమాస్తాని అందరూ స్కేలు గుమాస్తా అంటారు. ఆయన వెనక గోడకి ఒక పట్టిక అతికించి ఉంది. ఏ వయసు మనిషికి ఇంకా ఎన్నేళ్లు ఉందో అందులో ఉంటుంది. మావాళ్లు దాన్ని చిత్రగుప్తుడి చిట్టా అంటారు. గుమాస్తా నా వయసు అడిగాడు. స్కేలు అడ్డంగా పెట్టాడు. "అరవై, మగ. పద్దెనిమిది" అన్నాడు. వంకాయల ధర చెప్పినట్టు చెప్పాడు.

తర్వాత మీ మరదలి వయసు అడిగాడు. ఏభై ఐదు అన్నాను. స్కేలు జరిపి "ఇరవై ఏడు" అన్నాడు.

ఇంటికి నడిచి వస్తూ లెక్క వేసుకున్నాను. పద్దెనిమిదేళ్లకి నేను పోతాను. అప్పటికి ఆవిడకి డెబ్భై మూడు. ఆ తర్వాత ఇంకా తొమ్మిదేళ్లు ఆవిడ ఒక్కతే ఉంటుంది. తొమ్మిదేళ్లు అక్కా. నేనెప్పుడూ అటువైపు చూడలేదు. నడుస్తున్నవాణ్ని వీధి మధ్యలో ఆగిపోయాను. వెనక సైకిలతను తిట్టాడు.

ఒక కాగితం ఇచ్చారు. అందులో రెండు గడులు. మొదటి గడిలో టిక్కు పెడితే పింఛను పూర్తిగా వస్తుంది, నాతో ఆగిపోతుంది. రెండో గడిలో పెడితే ఐదో వంతు తగ్గి వస్తుంది, కానీ నా తర్వాత ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆవిడకి వస్తుంది. ఒకసారి పెడితే మార్చడానికి లేదు. ఆలుమగలిద్దరూ సంతకం చెయ్యాలి. జూన్ ఇరవై లోపల ఇవ్వాలి.

నాన్న ఎన్నేళ్లకి పోయాడు? బావ పోయాక నువ్వెలా నెట్టుకొచ్చావు? ఇన్నాళ్లూ అడగలేదు. అడగాలని తోచలేదు.

ఇంకేం లేవు.

తమ్ముడు


మే 9

ఒరేయ్ పొదుపూ,

మాటలు దాచుకుంటావని నీకు ఆ పేరు పెట్టాను గానీ, ఈసారి ఏకంగా పేజీన్నర రాశావు. కవరు బరువు చూసే గుండె గుభేలుమంది. ఎవరికో ఏదో అయిందనుకున్నాను. తీరా చదివితే ఎవరికీ ఏమీ కాలేదు, పద్దెనిమిదేళ్ల తర్వాత అవుతుందట! దానికి ఇప్పట్నుంచే నడివీధిలో ఆగిపోవడం ఎందుకురా? సైకిలతను గుద్దేసి ఉంటే నీ పట్టిక ఆరోజే తప్పయ్యేది.

చెవి సంగతి అడిగావు. కుడిది పూర్తిగా దుకాణం మూసింది. ఎడమదాని దగ్గర అరిస్తే వినబడుతుంది. ఫోన్లు వద్దు, ఉత్తరాలు రాయండని నేను మొత్తుకునేది అందుకే. ఫోనులో నువ్వు "ఊ" అంటావు. ఆ ఊ నాకు వినబడదు. అక్కాతమ్ముళ్లం ఇద్దరం చెరోవైపు ఊరికే నిలబడి ఉంటాం.

నాన్న ఏభై నాలుగుకి పోయాడు. తాత అంతకన్నా ముందే, ఏభైకి. నాయనమ్మ మాత్రం వాళ్లిద్దర్నీ సాగనంపి తొంభై ఒకటి దాకా ఉంది. మన వంశంలో మగాళ్లు తొందరపడి ముందు బండి ఎక్కేస్తారు. ఆడవాళ్లు పొయ్యి ఆర్పి, తలుపులు వేసి, తాళం రెండుసార్లు లాగి చూసి నింపాదిగా వస్తారు. కాబట్టి ఆలోచన మానేసి రెండో గడిలో టిక్కు పెట్టు.

ఇంతకీ ఇది నీ పెళ్లానికి చెప్పావా? చెప్పి ఉండవు. నోట్లో నాలుక ఉందో లేదో చూసుకుని, ఉంటే చెప్పు.

మీ బావ పోయాక ఎలా నెట్టుకొచ్చానంటావా? అది అడక్కు. ఆయన మీద నాకో కోపం ఉండేది. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకునేది కాదు.

ఆ స్కేలాయనకి నా ఆశీస్సులు. నీకు ఒక మొట్టికాయ.

అక్క


మే 16

అక్కకి,

ఉత్తరం అందింది. నీ మాట ప్రకారం ఆవిడకి కాగితం చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "మొదటి గడి" అంది. ఎందుకని అడిగాను. "నా ఇష్టం. మీకు పూర్తిగా వచ్చేది నేనెందుకు తగ్గించాలి?" అంది. కాగితం మడిచి గూట్లో పెట్టేసింది. నాలుగు రోజులైంది. ఆ మాటే ఎత్తనివ్వడం లేదు.

తప్పు నాదే అనుకుంటున్నాను. ఒక పని చేశాను. అది రాస్తాను.

ఆ తొమ్మిదేళ్లు ఆవిడ ఒక్కతే ఏమేం చేసుకోవాలో తెలియాలి కదా. తెలియని యంత్రం దగ్గరికి పంపితే మేము ముందు ఒక రోజంతా పక్కన నిలబడి లాగ్‌బుక్కు రాస్తాం. ఏ గంటకి ఏం జరిగిందో అందులో ఉంటుంది. అలాగే కాగితం చూపించడానికి ముందు రోజు, ఆదివారం, కుర్చీ వేసుకుని కూర్చుని ఆవిడ పని రాశాను.

5.15 లేచింది. 5.20 వాకిలి ఊడ్చింది. 5.35 కుళాయి వచ్చింది, రెండు డ్రమ్ములు నింపింది. 6.10 పొయ్యి వెలిగించింది. ఒక పొయ్యి మీద టీ, ఒక పొయ్యి మీద అన్నం, మధ్యలో బట్టలు నానబెట్టింది. ఇలా రాసుకుంటూ పోయాను. 8.40కి "కూర్చుంది" అని రాశాను. 8.43కి కొట్టేశాను. కూర్చున్నది చిక్కుడుకాయల ఈనెలు తియ్యడానికి.

పొద్దుగూకేసరికి ఆవిడవి నలభై రెండు పనులు అయ్యాయి. నావి మూడు. కుళాయికి వాషరు మార్చాను. గడియారానికి బ్యాటరీ వేశాను. మూడోది, లాగ్‌బుక్కు రాశాను.

అక్కా, బాయిలర్‌కి కూడా ఏడాదికి ఒకసారి నిప్పు ఆర్పుతాం. చల్లారనిచ్చి లోపల గీకి శుభ్రం చేస్తాం. పదిహేను రోజులు. అది చట్టం. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి వెళ్తాడు. ఇనుముకే అలా. పెళ్లయి ముప్ఫై మూడేళ్లు. ఆవిడ నిప్పు ఆర్పిన రోజు ఒక్కటి గుర్తు చేసుకుందామని చూశాను. రాలేదు. ఇంత పని నా ఇంట్లోనే జరుగుతోంది. ఆ చప్పుడు వింటూనే ఉన్నాను. మిల్లు పక్క ఉండేవాడికి మిల్లు చప్పుడు వినబడనట్టు ఉన్నాను.

ఆవిడ ఆ పుస్తకం చూసింది. "ఏమిటిది? నా మీద ఇన్‌స్పెక్టరుగా వచ్చారా? రిటైరయ్యేదాకా కూడా ఆగలేకపోయారా?" అంది. కాదు అందామనుకున్నాను. ఈలోపు వెళ్లిపోయింది.

అందుకే సంతకం పెట్టడం లేదు. నాకు అలాగే తోస్తోంది. నువ్వు ఏమైనా చెప్పగలవా?

తమ్ముడు


మే 23

ఒరేయ్ తింగరి పొదుపూ,

పెళ్లాం ముందు కుర్చీ వేసుకుని కూర్చుని నలభై రెండు పనులు లెక్కపెట్టినవాడు భూమ్మీద నువ్వొక్కడివే. లెక్కపెట్టే బదులు అందులో రెండు చేసి ఉంటే నలభైకి దిగేది కదరా!

అయినా ఆవిడ కోపం నీ పుస్తకం మీద కాదు. నాకు నాలుగు పేజీలు రాసింది. నీకు చెప్పొద్దని కింద గీత గీసి మరీ రాసింది. చెప్పకపోతే మీరిద్దరూ జూన్ ఇరవై దాకా గోడకి చెరోవైపు నిలబడి ఉంటారు. కాబట్టి చెబుతున్నాను. ఆవిడ మాటల్లోనే చదువు:

"వదినా, ఆ పట్టిక రాసినవాళ్లు మా అమ్మని చూశారా? మా అమ్మ ఏభై ఏడుకి పోయింది. మా పెద్దమ్మ ఏభై తొమ్మిదికి. నాకిప్పుడు ఏభై ఐదు. నాకు ఇరవై ఏడేళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి? నేను పోయాక ఈయనకి టీ పెట్టుకోవడం కూడా రాదు. వండడానికి ఒకరు, బట్టలకి ఒకరు కావాలి. నేను నాలుగిళ్లలో అడిగాను. అంతా కలిపితే సరిగ్గా ఆ ఐదో వంతే అవుతుంది. అది వదులుకుంటే ఈయన హోటల్లో తినాలి. మీకు తెలుసు కదా, నలుగురి మధ్యలో ఇంకొంచెం వెయ్యమని ఈయన నోరు తెరిచి అడగలేరు. సగం కడుపుతో లేచి వచ్చేస్తారు. రోజూ అలా లేచి వచ్చేస్తారు వదినా. అందుకని మొదటి గడే."

చదివావా? నేను మూడుసార్లు చదివాను.

నేను ముందు పోతానని నువ్వు. కాదు నేను ముందని ఆవిడ. బస్సెక్కేవాళ్లు కూడా ఇంత తోసుకోరు. తర్కంలో మాత్రం ఆవిడే గట్టిది. ఆ ఐదో వంతు ఆవిడ రెండు చేతుల ఖరీదు. ఆ చేతులు లేకపోయినా నువ్వు బతగ్గలవని తేలితే ఆవిడ మొండిపట్టు వదులుతుంది. మీ అమ్మాయి దగ్గర తింటావులే అని చెబుదామనుకున్నాను. దాని ఇంట్లో రెండు గదుల్లో ఐదుగురు, అది ఉద్యోగానికి పొద్దున పోతే మళ్లీ దీపాలు పెట్టేవేళకి వస్తుంది. అది కుదిరే మాట కాదు.

అందుకని ఇది విను. నెలాఖరుకి ఆవిణ్ని నా దగ్గరికి పంపు, గడువుకి ముందు తిరిగొస్తుంది. దగ్గర దగ్గర మూడు వారాలు. కాగితం ఆవిడ సంచిలోనే పెట్టు. నీ బాయిలర్‌కి సెలవు ఇచ్చినట్టే అనుకో. ఈ మూడు వారాలు నువ్వే వండుకో, ఉతుక్కో, ఊడ్చుకో. ఆవిడ తిరిగొచ్చేసరికి నువ్వు నిలువునా ఉంటే నెగ్గావు. ఆవిడకీ ఇదే టపాలో రాస్తున్నాను.

అన్నానికి నీళ్లు: గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు. మర్చిపోకు.

గెలుస్తావో కాలుస్తావో చూస్తాను.

అక్క


జూన్ 4

అక్కకి,

ఆవిడ ముప్ఫై ఒకటి రాత్రి బస్సెక్కింది, నీ దగ్గరికి చేరే ఉంటుంది. ఎక్కుతూ "మూడో రోజుకి కబురు పంపుతారు చూడండి" అంది. పంపలేదు.

ముందు తప్పులు రాస్తాను. మొదటిరోజు అన్నం మాడింది. ముప్ఫై ఎనిమిదేళ్లు బాయిలర్‌లో నీళ్లు తగ్గకుండా కాపలా కాసినవాణ్ని. గ్లాసుడు బియ్యం దగ్గర నీళ్లు తగ్గాయి. నువ్వు రాసిన కొలత జేబులోనే ఉంది. తీసి చూడలేదు. రెండోరోజు తెల్లచొక్కా, ఎర్ర దుప్పటి కలిపి నానబెట్టాను. ఇప్పుడు నాకు గులాబీ చొక్కా ఉంది. అది వేసుకుని డ్యూటీకి వెళ్లాను. ఫోర్‌మన్ "ఏం పెద్దాయనా, పెళ్లిచూపులా?" అన్నాడు.

పొద్దున ఆరు నుంచి రెండు దాకా షిఫ్టు. దిగి వచ్చి వంట. నాలుగో రోజుకి అన్నం అన్నంలా వచ్చింది. కూర కూరలా రాలేదు గానీ తిన్నాను.

డబ్బాలు గుర్తుండడం లేదు. పాత సామాన్లలో వాల్వులకి తగిలించే ఇత్తడి నంబరు బిళ్లలు ఉన్నాయి. ఫోర్‌మన్‌ని అడిగి తెచ్చి డబ్బాలకి కట్టాను. ఒకటి ఉప్పు, రెండు కారం, మూడు పసుపు. పంతొమ్మిది దాకా ఉన్నాయి.

కడుతూ ప్రతి డబ్బా తెరిచి చూశాను. అక్కా, అన్నీ నిండుగా ఉన్నాయి. ఎప్పుడు నింపుతుందో నేను ఒక్కసారి చూడలేదు. ముప్ఫై మూడేళ్లలో ఉప్పు లేదన్న మాట నాకు వినబడలేదు. మిల్లులో మేనేజర్లు, స్టోర్ కీపర్లు, లెక్కల పుస్తకాలు అన్నీ ఉండి కూడా బొగ్గు రెండుసార్లు అయిపోయింది. ఇక్కడ ఒక్క మనిషి. పుస్తకం కూడా లేదు. వంటింట్లో డబ్బాల ముందు చాలాసేపు నిలబడ్డాను. పెద్ద ఫ్యాక్టరీలోకి మొదటిరోజు వెళ్లినప్పుడు అలా నిలబడ్డాను, ఇరవై రెండేళ్లప్పుడు. అప్పుడు ఏదో పొగగొట్టం చూసి. మళ్లీ ఇప్పుడే.

సంతకం పెట్టిందా?

తమ్ముడు


జూన్ 9

గులాబీ చొక్కా తమ్ముడికి,

నీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. చొక్కా దగ్గర నవ్వింది. డబ్బాల దగ్గర నవ్వలేదు. "అన్నీ తెరిచి చూశారా?" అని మాత్రం అడిగింది.

సంతకం సంగతా? నేను ఎప్పుడు వెళ్లి పలకరించబోయినా గోడవైపు తిరిగి ఉంటుంది. ఇంక ఏం అడగను? మొండిఘటం. నువ్వు కంగారుపడకుండా వండుకో. ఇంకా రోజులున్నాయి.

మీ బావ సంగతి నువ్వు అడిగితే వద్దన్నాను. ఆవిడ వచ్చిన రోజే ఆవిడకి చెప్పేశాను. ఒకసారి నోరు దాటాక నీకు మాత్రం దాచడమెందుకు?

మీ బావ మంచినీళ్ల ట్యాంకుల దగ్గర వాల్వులు తిప్పేవాడు కదా. ఆయన రిటైరైనప్పుడూ ఇలాంటి కాగితమే వచ్చింది. అప్పట్లో పెళ్లాం సంతకం అక్కర్లేదు. నాతో ఒక్క మాట అనకుండా రెండో గడిలో పెట్టి వచ్చాడు. మొదటి పింఛను చేతికొచ్చాక బయటపడింది. ఇంటి రేకులు కారుతున్నాయి, పింఛను వస్తే మార్చాలని నేను లెక్క వేసుకుని కూర్చున్నాను. ఐదో వంతు ఏదని అడిగితే చెప్పాడు. నేను ఒంటికాలి మీద లేచాను. "నువ్వు పోతావని, నేను మిగులుతానని అప్పుడే పందెం కాసి వచ్చావా?" అన్నాను. ఎనిమిది రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టాను, మాట పెట్టలేదు.

ఆయన నీలాగా కాదు, మాటకారి. తొమ్మిదోరోజు వచ్చి ఎదురుగా కూర్చుని, "నీళ్ల పని చేసినవాణ్ని. పైన ట్యాంకు ఎండిపోయాక గొట్టం వేస్తే కింద కుళాయిలో ఏం వస్తుందే?" అన్నాడు. నేను నవ్వలేదు. వాన పడ్డప్పుడల్లా రేకుల కింద గిన్నెలు పెడుతూ, ఆయనకి వినబడేలా గట్టిగా పెట్టేదాన్ని. అలా మూడేళ్లు. నాలుగో ఏడు ఆయన పోయాడు.

పోయిన మర్నెల ఒకటో తారీఖు పింఛను వచ్చింది. నా పేరున. నేను ఎవరినీ అడగలేదు, ఎవరి గుమ్మం ఎక్కలేదు. దానంతట అదే వచ్చింది. ఆ మర్నెలా వచ్చింది. ఇప్పటికి ఇరవై మూడేళ్లురా. ఆయన తగ్గించుకుని తిన్నది మూడేళ్లు. నేను తింటున్నది ఇరవై మూడేళ్లు. రేకులు కూడా ఆ డబ్బుతోనే మార్చాను. మార్చిన రోజు వాన పడింది. ఇంట్లో ఒక్క చుక్క లేదు. గిన్నె పెట్టే చోట కూర్చుని ఏడ్చాను.

బతికుండగా ఒక మంచి మాట అనలేదు. ఇప్పుడు ప్రతి ఒకటో తారీఖు అంటాను. నాకే వినబడని చెవులు, ఆయనకేం వినబడుతుందిలే.

మరదలు ఇదంతా విని లేచి లోపలికి వెళ్లి పడుకుంది.

కూరలో నూనె ముందు వేడెక్కాలి, తర్వాత ముక్కలు. వరస తప్పకు.

అక్క


జూన్ 13

అక్కకి,

నీ ఉత్తరం బాయిలర్ రూమ్‌లో చదివాను. మళ్లీ చదివాను. ఇన్నాళ్లూ నువ్వు కుట్టుమిషను మీద బతుకుతున్నావనుకున్నాను. ఒక్కసారి అడగలేదు. బావ ఒక కాగితం మీద ఒక గీత గీసి వెళ్లిపోయాడు. ఆ గీత ఇరవై మూడేళ్లుగా నీకు అన్నం పెడుతోంది. నేను ముప్ఫై ఎనిమిదేళ్లు ఆవిరి చూశాను. అంత బలం ఎక్కడా చూడలేదు.

షిఫ్టు దిగి నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లాను. నీ వరస చూడమన్నాను. గుమాస్తా స్కేలు పెట్టి "డెబ్భై నాలుగు, ఆడ. పన్నెండు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అరవై దగ్గర ఆడవాళ్లకి ఇరవై మూడు అని ఉంది. అంటే ఎనభై మూడుకి ఆగాలి. డెబ్భై నాలుగుకి పన్నెండు కలిపితే ఎనభై ఆరు. ఆ మూడేళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయని అడిగాను. అడిగానంటే నువ్వు నమ్మవు. నిజంగా అడిగాను.

గుమాస్తా కళ్లజోడు తీశాడు. "ఆ పద్దెనిమిదిని ఆఖరి స్టేషన్ అనుకున్నారా ఇన్నాళ్లూ? అది అందరిదీ కలిపి తీసిన సగటు పెద్దాయనా. కొందరు ముందే దిగిపోతారు. దిగకుండా ఉన్నవాళ్లకి ఇంకొంచెం దారి ఉంటుంది. బతికినకొద్దీ కలుస్తూ ఉంటుంది" అన్నాడు.

అయితే డెబ్భై ఎనిమిది మగ చూడమన్నాను. సున్నా ఉంటుందనుకున్నాను. ఎనిమిదిన్నర ఉంది. తొంభై చూడమన్నాను. నాలుగు. నూరు. రెండు. వెనక లైన్లో వాళ్లు గొణిగారు. గుమాస్తా స్కేలు నా చేతికి ఇచ్చేసి "మీరే చూసుకోండి" అన్నాడు. ఆఖరి గీత దాకా దించాను. తగ్గుతూ వచ్చింది. కానీ ఏ గడిలోనూ సున్నా లేదు అక్కా.

నా బాయిలర్ గేజీలో ముల్లు సున్నాకి రావడం చాలాసార్లు చూశాను. ఇది రాదు. ఎవరు లెక్కపెట్టారో తెలియదు. ఎన్ని వేల మంది బతికి, ఎన్ని వేల మంది పోతే ఇన్ని గడులు నిండాయో. మన నాన్న కూడా ఏభై నాలుగు దగ్గర ఎక్కడో ఒక అంకె అయ్యుంటాడు. నాయనమ్మ తొంభై ఒకటి దగ్గర. వాళ్లంతా వరసగా నిలబడి ఉన్నట్టు అనిపించింది. స్కేలు తిరిగి ఇచ్చేశాను.

అంటే నేనూ ఆవిడా ఇద్దరం తొంభై దాకా ఉండొచ్చు. పట్టిక వద్దనలేదు. అప్పుడు నలభై రెండు పనులు ఎవరు చెయ్యాలి? దీని గురించి ఆలోచిస్తున్నాను.

నూనె ముందు వేశాను. కూర కూరలా వచ్చింది.

గడువు ఇరవై. సంతకం పెట్టినా పెట్టకపోయినా పద్దెనిమిదికి ఆవిణ్ని పంపు. నేను నిలువునా ఉన్నానని చెప్పు.

తమ్ముడు


జూన్ 22

అక్కకి,

ఆవిడ పద్దెనిమిదిన వచ్చింది. బస్సు దిగుతుంటే ఒక క్షణం పోల్చుకోలేదు. మొహం తేటగా ఉంది. కళ్ల కింద నలుపు లేదు. ఆ నలుపు ఆవిడ రంగే అనుకున్నాను ఇన్నేళ్లూ.

ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్లింది. బిళ్లలు చూసి "ఇవేమిటి, నా డబ్బాలకి మెడలో బిళ్లలు కట్టారు? తప్పిపోతాయనా?" అంది. నేను వడ్డించాను. తిని, "ఉప్పు చాలలేదు" అంది. "ఒకటో నంబరు" అన్నాను. అప్పుడు పొరమారేదాకా నవ్వింది. సంతకం సంగతి నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

మర్నాడు ఇద్దరం కిటికీ దగ్గరికి వెళ్లాం. అక్కడ సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. రెండో గడిలో టిక్కు ఉంది. కింద ఆవిడ సంతకం. నేను సంతకమే చూస్తున్నాను. గుమాస్తా తారీఖు చూశాడు.

"ఏమ్మా, ఇది జూన్ రెండునే పెట్టేశారు. ఇన్నాళ్లు చేతిలో ఉంచుకుని ఆఖర్న తెస్తారా? ఈయన వచ్చి నా స్కేలు అరగదీసి పోయారు."

"అవును బాబూ" అంది.

"మరి ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"నిద్రపోయాను" అంది.

మెల్లగానే అంది. వెనక ఎవరో నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. నా సంతకం కూడా తీసుకుని ముద్ర వేశాడు.

ఇంటికి వస్తూ తనే చెప్పింది. ఆవిడ అంతసేపు మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. "వదిన అన్నగారి సంగతి చెప్పింది. మర్నాడే పెట్టేశాను. ఇంక ఉండడమెందుకని సంచి కూడా సర్దుకున్నాను. బస్సుకి ఇంకా టైముంది కదా, కాస్త నడుం వాలుద్దామనుకున్నాను. లేచేసరికి పొద్దువాలింది. వదిన కూర వండేసింది. మర్నాడూ అంతే. సంతకం అయిందని రాస్తే మీరు రమ్మంటారు కదా. రాయొద్దని వదినని నేనే అడిగాను. రోజూ లేచి, ఇవాళ వెళ్లిపోవాలి అనుకునేదాన్ని. అనుకుంటూనే మళ్లీ నిద్రపట్టేసేది" అంది. తప్పు చేసినదానిలా చెప్పింది.

గోడవైపు తిరిగి ఉంటుందని నువ్వు రాసింది అప్పుడు అర్థమైంది. నీ మీద కోపం లేదు. మూడు వారాలు ఇంట్లో అలికిడి చెయ్యకుండా తిరిగి ఉంటావు.

ముప్ఫై మూడేళ్లు పక్కనే ఉన్నాను. ఆవిడ అలిసిపోయిందని తెలియలేదు. గేజీ లేదు కదా. అక్కడ అందరి ముందూ ఆ ఒక్క మాట అంటే, ముల్లు ఒక్కసారి చివరిదాకా తిరిగినట్టు అయింది.

నాకు ఇంకా వారం రోజుల డ్యూటీ ఉంది. ఇవాళ సెలవు. పొద్దున నేనే ముందు లేచాను. వాకిలి ఊడ్చాను. నీళ్లు పట్టాను. ఇది పొయ్యి దగ్గర కూర్చుని రాస్తున్నాను. అన్నం ఉడుకుతోంది. గిన్నె దించాలి. నేను దించితే మూత పెద్ద చప్పుడు చేస్తుంది. చప్పుడు కాకుండా దించే ఉపాయం ఏదైనా ఉంటే వెంటనే రాయి. ఆవిడ ఇంకా లేవలేదు.

తమ్ముడు